వెబ్‌సైటులో ‘తెలుగు’ మీట కనబడనప్పుడు

సంఘానికి వెబ్‌సైటు ఏర్పాటు చేసుకునేటప్పుడు ముందు ఇంగ్లీషులో తయారుచేయించి, ఆ తరువాత అనువాద ప్లగిన్ ఒకటి తగిలించి తెలుగు తెప్పించుకోవడం ఇప్పుడు మామూలైంది. ప్లగిన్ అంటే పెద్ద వింత ఏమీ కాదు. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించినట్లు, ఉన్న వెబ్‌సైటుకు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాము. తగిలించిన రోజున పేజీ పైన ‘తెలుగు’ అనే మీట వస్తుంది, అందరూ సంతోషిస్తారు. కొంతకాలం గడిచాక ఒక ఉదయం చూస్తే ఆ మీట లేదు. లేదా మీట ఉన్నది గాని, నొక్కితే సంఘం చరిత్ర, అధ్యక్షుల సందేశం తెలుగులోకి మారుతున్నవి, ధరల పట్టిక మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోతున్నది.

అధ్యక్షుల సందేశం ఏ భాషలో ఉన్నా ఎవరికీ నష్టం లేదు. ధరల పట్టిక సంగతి వేరు. పాలు పోసే సభ్యురాలు పూటపూటకూ చీటీ తీసుకుంటుంది. దానిమీద లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., వచ్చిన సొమ్ము ఉంటాయి. ఆ సొమ్ము సరిగా కట్టారో లేదో సరిచూసుకోవాలంటే పట్టిక చేతిలో ఉండవలెను. పట్టికను పాలసేకరణ కేంద్రం గోడకు అంటించినప్పుడు చదువు రానివారు పక్కవారిచేత చదివించుకునేవారు. పట్టికను ఫోనులోకి ఎక్కించి, గోడమీది కాగితం తీసివేసి, ఆ ఫోనులో తెలుగు లేకుండా చేస్తే ఆమె తన డబ్బు లెక్క తాను చూసుకునే దారి మూసినట్లే. బిల్లుపై అభ్యంతరాలు చెప్పుకునే గడువు కూడా ఆ పేజీలోనే ప్రకటించి ఉంటే గడువు దాటిన సంగతి కూడా ఆమెకు తెలియదు. కాబట్టి ఈ మీట పోయినప్పుడు “వెబ్‌సైటు కుర్రవాడు వచ్చినప్పుడు చూస్తాడులే” అని ఊరుకోకుండా, కార్యదర్శి, సంఘంలో కంప్యూటరు చూసేవారు తమంతట తాము కొంత పరిశీలించవలసి ఉంటుంది. అందులో చాలాభాగం ప్రోగ్రాములు రాయడం రానివారు కూడా చేయగలిగినదే.

నీరు ఎక్కడ ఆగింది?

చేలోకి నీరు రాలేదని రైతు చెప్పినప్పుడు మనము వెంటనే గోదావరి ఎండిందని అనుకోము. ధవళేశ్వరం దగ్గర వదిలారా, లాకుల దగ్గర ఆపారా, తూము మూసి ఉన్నదా, మన బోదె పూడిందా అని వరుసగా అడుగుతాము. మీట విషయంలోనూ అదే వరుస. ఆ సదుపాయం ప్లగిన్‌లో అసలే లేకపోవచ్చు. ఉండి, డబ్బు చెల్లించిన ప్రతిలో మాత్రమే ఉండవచ్చు. మన ప్రతిలోనే ఉండి, నిర్వాహకుని తెరమీద దాగి ఉండవచ్చు. బయటికే ఉండి, మరో ప్లగిన్ అడ్డుపడటంవల్ల పనిచేయకపోవచ్చు. ఇవన్నీ సరిగా ఉండి, చూసేవారి ఫోనులో మాత్రం పాత ప్రతి కనబడుతుండవచ్చు. ఈ అయిదూ వేర్వేరు జబ్బులు, వీటి మందులు కూడా వేర్వేరు. సభ్యుడు చెప్పేది మాత్రం అన్నిటికీ ఒకే మాట: “తెలుగు రావడం లేదండీ.”

రైతు ముందు తన బోదె చూసుకున్నట్లే మనమూ ఈ చివరి నుంచి మొదలుపెట్టడం తేలిక. కేంద్రం దగ్గర ఇలాంటి సంభాషణ జరిగినదనుకోండి.

“కార్యదర్శిగారూ, నిన్నటిదాకా ఫోనులో తెలుగులో వచ్చేదండీ. ఇవాళ రావట్లేదేంటండీ?”

“చూద్దామమ్మా. మీ ఫోనులోనే రావట్లేదా, మీ అబ్బాయి ఫోనులో కూడా అంతేనా?”

“ఆయ్, వాడి దాంట్లో వస్తందండీ.”

ఈ ఒక్క ప్రశ్నతో సగం పని తీరింది. ఒక ఫోనులో వచ్చి మరొకదానిలో రాకపోతే దోషం ప్లగిన్‌లో ఉండే అవకాశం తక్కువ. ఫోనులోని బ్రౌజరు ఒకసారి చూసిన పేజీని త్వరగా చూపడంకోసం దాచుకుంటుంది. వెబ్‌సైటువారు కూడా వేగం కోసం ‘క్యాషే’ ప్లగిన్ పెట్టి తయారైన పేజీలను దాచి ఉంచుతారు. మీట పెట్టకముందు దాచిన పేజీ కొందరికి, పెట్టిన తరువాత దాచిన పేజీ మరికొందరికి అందుతుంది. బ్రౌజరులో ‘ఇన్‌కాగ్నిటో’ కిటికీ తెరిచి అదే పేజీ చూడవలెను. అందులో పాత దాపు వాడబడదు గనుక, అక్కడ మీట కనబడితే ఆ ఫోనులోని దాపును తుడిచివేస్తే సరిపోతుంది. అక్కడా కనబడకపోతే వెబ్‌సైటు వైపున క్యాషే ప్లగిన్‌లోని ‘పర్జ్’ లేదా ‘క్లియర్’ అనే మీట నొక్కి మళ్లీ చూడవలెను. దీనిని చేయకుండా ప్లగిన్ మార్చడం, థీమ్ మార్చడం మొదలుపెట్టిన వారు రోజంతా కష్టపడి, చివరకు మొదటి నుంచీ అంతా బాగానే ఉన్నదని తెలుసుకుంటారు.

నిర్వాహకుని తెరమీద దాగినవి

ఇక్కడి నుంచి ఒక సాఫ్ట్‌వేరును ఉదాహరణగా తీసుకుంటేనే పాఠం అర్థమవుతుంది. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్‌ను తీసుకుందాము. అది ఉచితం. చిన్న సంస్థలకు సైట్లు కట్టేవారు ఎక్కువగా దానినే వాడతారు. దానికి తగిలించే బహుభాషా ప్లగిన్లలో 2011 నుంచి ఉన్న పాలీలాంగ్ ఒకటి. ఇందులో ఉచిత ప్రతి, ‘ప్రో’ అనే ధర చెల్లించే ప్రతి రెండూ ఉన్నవి.

మొదట ఒక సంగతి స్పష్టం చేసుకోవలెను. పాలీలాంగ్ ఉచిత ప్రతి తనంతట తాను అనువదించదు. ఇంగ్లీషు పేజీకి తెలుగు పేజీ ఏదో జత కట్టి ఉంచుతుంది, మీట నొక్కినప్పుడు ఒకదాని నుంచి మరొకదానికి తీసుకుపోతుంది. తెలుగు పేజీని మనిషే రాయవలెను. “ప్లగిన్ పెట్టాము, అనువాదం జరగలేదు” అనే ఫిర్యాదులో ఇలాంటి ప్లగిన్ తప్పు లేదు. అది చేయని పనిని దానినుంచి ఆశించడమే చిక్కు. కొనేముందు, తగిలించేముందు ప్లగిన్ వివరపత్రంలో ఉచిత ప్రతిలో ఏమున్నది, ప్రోలో ఏమున్నది అని రాసిన భాగాన్ని తీరికగా చదవవలెను. వేర్వేరు భాషల పేజీలకు చిరునామా చివరి మాటను ఒకటిగానే ఉంచుకునే సదుపాయం వంటివి ప్రోలోనే ఉంటాయి. లేని సదుపాయం కోసం సెట్టింగులన్నీ వెతికి ప్రయోజనం లేదు.

సదుపాయం ఉండి కనబడకపోవడానికి చాలాసార్లు తగిలే కారణం మరీ చిన్నది. వర్డ్‌ప్రెస్ నిర్వాహకుని తెరలో ‘అప్పియరెన్స్’ కింద ‘మెనూస్’ అనే పేజీ ఉన్నది. భాష మార్చే మీటను మెనూలోకి చేర్చేది అక్కడే. కాని ఆ పేజీలో ‘లాంగ్వేజ్ స్విచ్చర్’ అనే పెట్టె అసలు కనబడదు. చాలామంది ఇక్కడే ప్లగిన్ పాడైందనుకుంటారు. అదే తెర పైభాగాన, కుడి మూల ‘స్క్రీన్ ఆప్షన్స్’ అనే చిన్న మాట ఉంటుంది. దానిని నొక్కితే తెర పైనుంచి ఒక పలక దిగుతుంది. అందులో ‘లాంగ్వేజ్ స్విచ్చర్’ ఎదుట ఉన్న గడిలో గుర్తు పెడితే పెట్టె ఎడమవైపు ప్రత్యక్షమవుతుంది. తెర నిండిపోకుండా ఉండేందుకు కొన్ని పెట్టెలను వర్డ్‌ప్రెస్ ముందే మూసి ఉంచుతుంది. ఆ పద్ధతి తెలిసినవారికి సదుపాయం, తెలియనివారికి శిక్ష.

‘మెనూస్’ పేజీయే లేకపోతే? 2022 జనవరిలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.9 నుంచి ‘బ్లాక్ థీమ్’ అనే కొత్త తరహా థీమ్‌లు వాడుకలోకి వచ్చినవి. వాటిలో పాత మెనూస్ పేజీ ఉండదు. మెనూను ‘సైట్ ఎడిటర్’లో నావిగేషన్ బ్లాకు ద్వారా మార్చవలసి ఉంటుంది. థీమ్ మార్చిన మర్నాడు మీట పోయిందంటే ముందు దీనినే అనుమానించవలెను. పాత థీమ్‌లో మెనూకు కట్టిన మీట కొత్త థీమ్‌లోకి తనంతట రాదు, మళ్లీ పెట్టుకోవలసినదే. భాష మార్చే బ్లాకు మీ వద్ద ఉన్న ప్రతిలో ఉన్నదో లేదో ప్లగిన్ వివరపత్రంలో చూసుకోవలెను.

మీట కొన్ని పేజీలలో ఉండి కొన్నిటిలో లేకపోతే మరో సెట్టింగు చూడవలెను. మీట గుణాలలో ‘అనువాదం లేని భాషలను దాచుము’ అనే అర్థం గల గడి ఒకటి ఉన్నది. దానిలో గుర్తు ఉంటే తెలుగు జత లేని పేజీలలో ‘తెలుగు’ మీట కనబడదు. ఆ గడి న్యాయంగానే నడుచుకుంటున్నది. అలాంటి పేజీకి మందు తెలుగు పేజీని రాయడమే. గుర్తు తీసివేస్తే మీట వస్తుంది గాని, నొక్కినవారిని తెలుగు మొదటి పేజీకి తీసుకుపోయి దించుతుంది. ధరల పట్టిక కోసం నొక్కిన మనిషి మొదటి పేజీలో పడి, “ఇందులో ఏమీ లేదు” అని ఫోను మూసేస్తుంది.

అసలు ధరల పట్టిక మాత్రమే ఎందుకు మిగిలిపోయింది? ధరల పట్టికలను, నోటీసులను, టెండర్లను సైటు కట్టినవారు మామూలు పేజీలుగా పెట్టరు. వాటికి ‘కస్టమ్ పోస్ట్ టైప్’ అనే ప్రత్యేక వర్గం ఒకటి ఏర్పాటు చేస్తారు. పాలీలాంగ్ మామూలు పేజీలను, వార్తలను చెప్పకుండానే భాషలవారీగా చూస్తుంది గాని, ప్రత్యేక వర్గాలను మనము చెప్పితేనే చూస్తుంది. ‘లాంగ్వేజెస్’ కింద ‘సెట్టింగ్స్’లో ‘కస్టమ్ పోస్ట్ టైప్స్ అండ్ టాక్సానమీస్’ అనే వరుస ఉన్నది. అందులో మీ ధరల పట్టిక వర్గం పేరు ఎదుట గుర్తు పెట్టి దాచుకుంటే, ఆ పట్టిక దిద్దే తెరలో భాష ఎంచుకునే పెట్టె వస్తుంది. అంతకుముందు దాచిన పట్టికలకు భాష ఏదో కూడా అప్పుడే నిర్ణయించి పెట్టవలెను. ఈ ఒక్క గడి తెలియక సంఘానికి అతి ముఖ్యమైన పేజీ మిగతా పేజీలన్నిటి వెనుక ఉండిపోతుంది.

రెండక్షరాల సంకేతం

ప్లగిన్ తన సొంత మాటలను, అంటే ‘వెతుకు’, ‘పంపు’, ‘తేదీ’ వంటి మీటల పేర్లను వేరే దస్త్రాలలో ఉంచుకుంటుంది. మనుషులు చదివి దిద్దేది ‘పి.ఓ.’ దస్త్రం. దానినుంచి యంత్రం కోసం తయారయ్యేది ‘ఎం.ఓ.’ దస్త్రం. పి.ఓ. దిద్ది ఎం.ఓ. తయారుచేయడం మరచిపోతే మార్పు కనబడదు. లోకో ట్రాన్స్‌లేట్ వంటి ప్లగిన్ వాడితే దాచినప్పుడు రెండూ ఒకేసారి తయారవుతాయి. వర్డ్‌ప్రెస్ 6.5 వచ్చిన 2024 నుంచి ఇంకా వేగంగా చదవబడే మరో తరహా దస్త్రం కూడా చేరింది. అందువల్ల పాత దస్త్రం దిద్దినా, పక్కనున్న కొత్త తరహా దస్త్రం పాత మాటలనే చూపే అవకాశం ఉన్నదని గుర్తుంచుకోవలెను.

ఈ దస్త్రాల పేరు చివర భాషా సంకేతం ఉంటుంది, అక్కడ జరిగే పొరపాటు కంటికి కనబడనంత చిన్నది. వర్డ్‌ప్రెస్‌లో హిందీకి సంకేతం ‘హెచ్.ఐ.’ తరువాత కింది గీత, ‘ఐ.ఎన్.’. తమిళానికీ అదే పద్ధతి: ‘టి.ఎ.’, కింది గీత, ‘ఐ.ఎన్.’. తెలుగుకు మాత్రం ఉత్త ‘టి.ఇ.’ రెండక్షరాలే, దేశం గుర్తు లేదు. హిందీ దస్త్రాన్ని చూసి దానిలాగే తెలుగుకు కూడా చివర ‘ఐ.ఎన్.’ చేర్చి పేరు పెడితే దస్త్రం అక్కడే ఉంటుంది, అందులో అనువాదం ఉంటుంది, వర్డ్‌ప్రెస్ మాత్రం దానిని తెరిచి చూడదు. ఎక్కడా తప్పు సందేశం రాదు. పేరు సరిచేసిన క్షణంలో తెలుగు వస్తుంది.

గూగుల్ వారి అనువాద మీటను నేరుగా పేజీలో అతికించినవారు కూడా ఈ సంకేతాన్నే చూసుకోవలెను. చూపవలసిన భాషల జాబితా అందులో రాసి ఉంటుంది. జాబితాలో ‘టి.ఇ.’ లేకపోతే తెలుగు రాదు. ‘టి.ఎల్.’ అని రాస్తే వచ్చేది ఫిలిప్పీన్స్‌లోని టాగలాగ్ భాష. ‘టి.ఎ.’ అంటే తమిళం. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011 జూన్‌లో వచ్చింది. కాని సైట్లలో పెట్టుకునే ఈ మీటను 2019లో కొత్తవారికి ఇవ్వడం ఆపివేశారు. 2020లో కరోనా కాలంలో ప్రభుత్వ, లాభాపేక్ష లేని సంస్థల సైట్లకు మళ్లీ తెరిచారు. ఎప్పటిదో పాత పాఠం చూసి అందులోని వరుసలు అతికించినప్పుడు మీట రాకపోతే, ఆ పాఠం ఏ సంవత్సరానిదో ముందు చూడవలెను.

క్యాను క్యానుగా

పై పరీక్షలన్నీ అయినా మీట రాలేదంటే ఒక ప్లగిన్‌కు మరొకటి అడ్డుపడుతున్నదని అనుమానించవలెను. శీతలీకరణ కేంద్రంలో పాలు విరిగినవని తెలిసినప్పుడు మనము ఏమి చేస్తాము? మొత్తం సంఘాలన్నిటినీ నిందించము. క్యానుల వారీగా మరగించి చూసి, ఏ క్యాను విరిగిందో పట్టుకుని, ఆ క్యాను ఏ సంఘానిదో, ఆ సంఘంలో ఏ పూటదో తెలుసుకుంటాము. ఒకేసారి రెండు క్యానుల పాలు కలిపి పరీక్షిస్తే ఏదీ తేలదు. ఇక్కడ కూడా అంతే. ఒక మార్పు చేయుట, చూచుట, రాసుకొనుట. తరువాతనే రెండో మార్పు.

మొదలుపెట్టే ముందు సైటు మొత్తానికి నకలు తీయించి వేరేచోట భద్రపరచవలెను. ఇది లేకుండా చేయి పెట్టవద్దు. తరువాత, వర్డ్‌ప్రెస్ స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసిన ‘హెల్త్ చెక్ అండ్ ట్రబుల్‌షూటింగ్’ అనే ఉచిత ప్లగిన్ తగిలించవలెను. దాని గొప్పతనం ఏమంటే, పరీక్షా స్థితిలోకి ప్రవేశించినప్పుడు మిగతా ప్లగిన్లన్నీ ఆగిపోయినట్లు, మామూలు థీమ్ వచ్చినట్లు మీకు మాత్రమే కనబడుతుంది. సైటు చూస్తున్న సభ్యులకు ఏ మార్పూ తెలియదు. బిల్లు వారంలో కూడా ధైర్యంగా చేయవచ్చు. ఆ స్థితిలో అనువాద ప్లగిన్ ఒక్కటి తెరిచి మీట కనబడుతుందేమో చూడవలెను. కనబడితే ప్లగిన్ మంచిదే, అడ్డు మరొకచోట ఉన్నది. ఒక్కొక్క ప్లగిన్‌ను తెరుస్తూ, ప్రతిసారీ మీటను చూస్తూ పోతే ఏది తెరిచినప్పుడు మీట మాయమైందో అదే మీ విరిగిన క్యాను. చివరిదాకా మీట ఉండి, మీ సొంత థీమ్ తెరిచినప్పుడు పోతే దోషం థీమ్‌ది. వేగం పెంచుతామని జావాస్క్రిప్టు వరుసలను కుదించే, ఆలస్యం చేసే ప్లగిన్లు ఈ విషయంలో తరచుగా దొరికే దొంగలు. వాటిలో అనువాద ప్లగిన్ దస్త్రాన్ని మినహాయించే గడి సాధారణంగా ఉంటుంది.

మామూలు థీమ్‌లో, ఒంటరిగా తెరిచినా మీట రాకపోతే అప్పుడు ప్లగిన్‌లోనే లోపమని చెప్పవచ్చు. ఆ ముందు చెప్పడానికి వీల్లేదు.

తెలుగు వచ్చింది, చదవడానికి రాదు

మీట పనిచేసి, అక్షరాలు పనిచేయకపోవడం ఇంకొక తరహా. వీటిని చూడగానే గుర్తుపట్టవచ్చు. అక్షరాలకు బదులు ఖాళీ గళ్లు వస్తే ఆ యంత్రంలోగాని పేజీలోగాని తెలుగు ఫాంటు లేదని అర్థం. మాట చెడిపోలేదు, కనబడడం లేదు, అంతే. విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీ నుంచి తెలుగు ఫాంటు ఉన్నది. దాని పేరు గౌతమి. యానాం పక్కన సముద్రంలో కలిసే మన పాయ పేరే దానికీ ఉండటం చూసి ఈ ప్రాంతంవారికి సంతోషం కలగక మానదు.

అక్షరాలకు బదులు వరుసగా ప్రశ్నార్థకాలు వస్తే అది ప్రమాదం. తెలుగు యూనికోడ్ అక్షరం ఒక్కొక్కటి యు.టి.ఎఫ్.–8 పద్ధతిలో మూడు బైట్ల చోటు తీసుకుంటుంది. పాత పద్ధతి డేటాబేసు ఇంగ్లీషు అక్షరాలకే చోటిచ్చి, మిగిలినవాటికి ప్రశ్నార్థకం రాసి దాచుకుంటుంది. దాచిన తరువాత అసలు మాట ఎక్కడా లేదు, ఏ ప్లగిన్ కూడా తిరిగి తేలేదు. అందువల్ల డేటాబేసును ముందు సరిచేసి, ఆ తరువాతనే తెలుగు ఎక్కించవలెను. ఒక వాక్యం ఎక్కించి, దాచి, మూసి, మళ్లీ తెరిచి చూస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

మూడోది మన ప్రెస్సులతో వచ్చే చిక్కు. వార్షిక నివేదిక, సర్వసభ్య సమావేశం నోటీసు ప్రెస్సులో కూర్చేటప్పుడు అను ఫాంట్లు వాడటం చాలాకాలంగా ఉన్న అలవాటు. ఆ పద్ధతిలో కంప్యూటరు దాచుకునేది తెలుగు అక్షరాలను కాదు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాలను దాచుకుని, వాటికి తెలుగు ఆకారం తొడుగుతుంది. కాగితం మీద ముత్యాల్లా ఉంటుంది. దానినే నకలు తీసి వెబ్‌సైటులో అతికిస్తే తొడుగు పోయి అర్థంలేని గుర్తులు మిగులుతాయి. అనువాద యంత్రానికి కూడా అవి గుర్తులే. నోటీసును ఫోటో తీసి బొమ్మగా పెట్టినా అంతే. కంటికి తెలుగే, యంత్రానికి అది ఉత్త బొమ్మ, కాబట్టి దానిలోని మాటలు వెతికితే దొరకవు, కళ్లు లేనివారికి చదివి వినిపించే సాధనానికీ అందవు. ప్రెస్సువారిని నోటీసు కూర్చేటప్పుడే యూనికోడ్ ప్రతి కూడా ఇవ్వమని అడగవలెను. అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నవి గాని, మార్చిన తరువాత ఒత్తులు, అంకెలు, చుక్కలు ఒక మనిషి సరిచూడక తప్పదు.

యంత్రం చెప్పే తెలుగు

జతలు కట్టే ప్లగిన్ బదులు తనంతట అనువదించే ప్లగిన్ పెట్టుకున్నవారికి మీట త్వరగానే వస్తుంది. యంత్రానువాదం మునుపటికన్నా బాగుపడింది. కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో ప్రారంభించిన భాషిణి సేవ కూడా భారతీయ భాషల కోసం ఏర్పడినదే. కాని యంత్రానికి మన పాడి భాష తెలియదని అనుకుని జాగ్రత్త పడటమే మంచిది.

పాడి సైటులో ‘కాఫ్’ అంటే దూడ. అదే మాటకు ఇంగ్లీషులో కాలి పిక్క అనే అర్థమూ ఉన్నది. ‘హీట్’ అంటే మనకు గేదె ఎదకు రావడం, యంత్రానికి వేడి. ‘డ్రై యానిమల్’ వట్టిపోయిన గేదె అని యంత్రానికి తెలియకపోతే పొడి జంతువు అవుతుంది. ‘షేర్’ వాటా ధనమా, పక్కవారికి పంపమనడమా? ‘సొసైటీ’ సంఘమా, సమాజమా? ‘పోరింగ్ మెంబర్స్’ అని పాలు పోసే సభ్యులను రాస్తే వారిని వానలా కురిపించినా ఆశ్చర్యం లేదు. ‘ఏ.ఐ.’ అని రాసినప్పుడు మనవారి మనసులో ఉండేది కృత్రిమ గర్భధారణ. ఈ రోజుల్లో యంత్రం ఆ రెండక్షరాలు చూడగానే తన పేరే పిలిచారనుకుంటుంది.

నవ్వుకోవడానికి ఇవి బాగానే ఉన్నవి. ధర నిబంధనలలో జరిగే పొరపాటు నవ్వు తెప్పించదు. ‘నాట్ లెస్ దేన్’ అనే ఇంగ్లీషు మాటను ‘కనీసం’ అనకుండా ‘కంటే తక్కువ కాదు’, ‘తక్కువ’ అని అటూఇటూ తిప్పితే కోత ఎవరికి పడుతుందో అర్థం తారుమారవుతుంది. ‘ఫ్యాట్’ను ‘కొవ్వు’ అంటే తప్పు కాదు గాని, చీటీ మీద ‘వెన్న శాతం’ అని ఉండి పట్టికలో ‘కొవ్వు’ అని ఉంటే రెండూ ఒకటేనని ఎవరు చెప్పాలి? చీటీలో ఉన్న మాటే పట్టికలో ఉండవలెను. అంకెలను తెలుగు అంకెలలోకి మార్చే సెట్టింగు ఉంటే దానిని ఆపివేయవలెను. చీటీలో 6.5 అని ఉన్నదానిని పట్టికలో మరో రూపంలో వెతకమనడం భావ్యం కాదు.

అందువల్ల ‘పదకోశం’, అంటే ‘గ్లాసరీ’ అనే సదుపాయం ఉన్నదా అని యంత్రానువాద ప్లగిన్‌లో ముందు చూడవలెను. ఉంటే వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., చూడి, ఎద, వట్టిపోయినది, వాటా ధనం, బోనసు, కోత, బట్వాడా వంటి మాటలను టెస్టరును, పశువైద్య సిబ్బందిని, ఇద్దరు ముగ్గురు పాలు పోసే ఆడవారిని కూర్చోబెట్టుకుని నిర్ణయించి అందులో ఎక్కించవలెను. ఊళ్ల పేర్లు కూడా అందులోనే. కొత్తపేటను కొత్త ఊరు అని, ద్రాక్షారామాన్ని ద్రాక్షతోట అని మార్చనీయరాదు. పదకోశం లేని ప్లగిన్ అయితే ధరల పట్టికను, గడువు ప్రకటనను యంత్రానికి వదలక, ‘అనువదించవద్దు’ అనే గుర్తు పెట్టి, తెలుగు పేజీని మనిషిచేతనే రాయించవలెను. మా అభిప్రాయంలో పదకోశం ఉన్నా కూడా డబ్బు లెక్క ఉన్న పేజీకి ఇదే క్షేమం.

తెలుగు పేజీ పాతబడటం కూడా గమనించవలెను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్వ్యవస్థీకరించినప్పుడు అమలాపురం కొత్త కోనసీమ జిల్లాకు కేంద్రమైంది, పశ్చిమ గోదావరికి భీమవరం, తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం కేంద్రాలయినవి. ఇంగ్లీషు పేజీలో చిరునామా మార్చి తెలుగు జతను మరచిపోతే కోనసీమ సంఘం తెలుగులో ఇంకా తూర్పు గోదావరిలోనే ఉంటుంది. చిరునామా అయితే ఉత్తరం ఆలస్యమవుతుంది, ధర అయితే తగాదా వస్తుంది. ఇంగ్లీషు పట్టిక మార్చిన ప్రతిసారీ తెలుగు పట్టిక తేదీ కూడా మారిందా అని చూసే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించవలెను.

సహాయం అడిగే పద్ధతి

వెన్న శాతం తక్కువ వచ్చిందని సభ్యుడు ఫిర్యాదు చేస్తే ఏ తేదీ, ఏ పూట, నమూనా సంఖ్య ఎంత అని అడుగుతాము. ప్లగిన్ తయారీదారులు కూడా అదే అడుగుతారు. “తెలుగు రావడం లేదు, వెంటనే సరిచేయండి” అని ఒక్క వరుస రాస్తే వారికి ఏమీ తెలియదు, ఉత్తర ప్రత్యుత్తరాలతోనే వారం గడిచిపోతుంది. వర్డ్‌ప్రెస్ ప్రతి సంఖ్య, ప్లగిన్ ప్రతి సంఖ్య, థీమ్ పేరు, మీట ఎక్కడ ఉండవలసినది, ఎప్పటినుంచి కనబడలేదు, అంతకుముందు ఏమి మార్చారు, పై పరీక్షలలో ఏవేవి చేశారు, ఏమి కనబడింది అనేవి రాసి, తెర ఫోటో జతచేయవలెను. ప్రతి సంఖ్యలు ‘టూల్స్’ కింద ‘సైట్ హెల్త్’లో ఒకచోటనే దొరుకుతాయి. సంకేతపదం మాత్రం ఎవరు అడిగినా ఉత్తరంలో రాయరాదు.

సమాధానం వచ్చేలోపల పాల బిల్లు ఆగదు. కాబట్టి ధరల పట్టికను, అభ్యంతరాల గడువును తెలుగులో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి పాలసేకరణ కేంద్రంలో తూకం దగ్గర, నిలబడినవారి కంటికి అందే ఎత్తులో అంటించవలెను. ఆ కాగితం మీద ధర అమలులోకి వచ్చిన తేదీ, కార్యదర్శి సంతకం, టెస్టరు సంతకం ఉండవలెను. మీట తిరిగి వచ్చిన తరువాత కూడా ఒక బిల్లు కాలం పూర్తయ్యేదాకా దానిని తీయరాదు.